పిల్లల చొక్కా మీద సబ్లిమేషన్ ప్రింట్ ఎందుకు చెడుతుంది: కుట్టు, చెమ్మ, వేడి వెనక సంగతులు

విశాఖపట్నంలో పాప మొదటి పుట్టినరోజుకు ఫొటో, పేరు వేసిన చొక్కా చేయించడం ఇప్పుడు మామూలైపోయింది. అన్నప్రాసనకు బిబ్, బారసాలకు అక్కకీ తమ్ముడికీ జోడీ టీషర్టులు, స్కూలు వార్షికోత్సవానికి నర్సరీ పిల్లలందరికీ ఒకే బొమ్మ. ద్వారకానగర్, అక్కయ్యపాలెం, గాజువాక లాంటి చోట్ల చిన్న షాపుల్లోనూ, ఇంటి ముందుగదిలో ఒక ఇంక్‌ట్యాంక్ ప్రింటరు, ఒక హీట్ ప్రెస్ (వేడి ప్లేటుతో బట్టను ఒత్తే యంత్రం) పెట్టుకున్నవాళ్ల దగ్గరా ఈ పని జరుగుతోంది. బొమ్మను ముందు కాగితం మీద ప్రింటు తీసి, ఆ కాగితాన్ని చొక్కా మీద పెట్టి, ప్రెస్ వేడితో రంగును బట్టలోకి ఎక్కించడమే సబ్లిమేషన్ ప్రింటింగ్. కొత్తగా దిగిన వాళ్లకు ఎదురయ్యే చిక్కు దాదాపు ఒకటే. పెద్దవాళ్ల ఎక్స్ఎల్ సైజు మీద నిగనిగలాడిన డిజైను ఏడాది పిల్ల చొక్కా మీదకు వచ్చేసరికి పాలిపోతుంది, పేరుకు నీడ పడుతుంది, మెడ కింద తెల్లగా మిగిలిపోతుంది. "ఏటండీ, ఫోనులో ఇలా లేదు కదా" అంటారు వచ్చినవాళ్లు. వాళ్ల తప్పేం లేదు.

అప్పుడు ఎవరికి తోచిన సలహా వాళ్లిస్తారు. వేడి పెంచమని ఒకరు, ఇంకు మార్చమని ఇంకొకరు, పేపరు మంచిది కాదని మరొకరు. ముగ్గురి మాటా నిజమే కావచ్చు, కానీ ముగ్గురూ మాట్లాడేది మూడు వేర్వేరు లోపాల గురించి. పాలిపోయిన రంగు ఒక్కదానికే బట్టలోని కాటన్ దగ్గర్నుంచి కరెంటు వోల్టేజీ దాకా బోలెడు కారణాలున్నాయి. అందుకే లోపం పేరు కన్నా అది పుట్టిన చోటు ముఖ్యం. బట్టలో పుట్టిందా, కాగితం మీద పుట్టిందా, ప్రెస్ కింద పుట్టిందా అన్నది తేలితే మిగతా లెక్క చాలావరకు దానంతట అదే తేలుతుంది.

ప్రెస్ మూసిన ఆ నిమిషంలో ఏం జరుగుతుంది

హారతి కర్పూరాన్ని పళ్లెంలో వదిలేస్తే కరగకుండానే తరిగిపోతుంది. ఘనపదార్థం ద్రవం కాకుండా నేరుగా ఆవిరి కావడాన్నే సబ్లిమేషన్ అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉత్పతనం. ఈ ప్రింటింగులో వాడే ఇంకులో ఉండేవి డిస్పర్స్ డైలు అనే రంగులు. 1920ల్లో ఎసిటేట్ అనే కృత్రిమ పోగుకు అద్దడానికి వీటిని తయారుచేశారు. ఆ తర్వాత 1941లో ఇంగ్లండులో పాలిస్టర్ పోగు పుట్టాక వీటికి అసలైన జోడీ దొరికింది.

మామూలు వేడిలో పాలిస్టర్ పోగు లోపలి గొలుసులు బిగుసుకుని ఉంటాయి. దాదాపు 75-80 డిగ్రీల సెల్సియస్ దాటాక కదలడం మొదలవుతాయి. 190-200 డిగ్రీల దగ్గర రంగు లోపలికి చొరబడేంత సందు ఏర్పడుతుంది. సరిగ్గా అదే వేడికి కాగితం మీది డై ఆవిరై పోగులోకి వెళుతుంది. చల్లారగానే గొలుసులు మళ్లీ బిగుసుకుంటాయి, రంగు లోపలే ఉండిపోతుంది. చేత్తో తడిమితే ఏమీ తగలకపోవడానికి, పొరలు లేవకపోవడానికి కారణం ఇదే. పాలిస్టర్ కరిగేది 250 డిగ్రీల పైన కాబట్టి 200 దగ్గర పని చేయగలుగుతున్నాం. ఆ మధ్యలో ఉన్న వెసులుబాటు మాత్రం అంత ఎక్కువేం కాదు.

ఇందులోంచే రెండు పరిమితులు వస్తాయి. మొదటిది, ఈ ఇంకుల్లో తెలుపు లేదు. బట్ట తెలుపే బొమ్మలో తెలుపు. నల్లచొక్కా మీద సబ్లిమేషన్ వేస్తే ఏమీ కనిపించదు, లేత పసుపు చొక్కా మీద వేస్తే నీలం కాస్తా ఆకుపచ్చగా మారుతుంది. రెండోది కాటన్. దాని పోగులో ఈ డైకి చోటు లేదు. పైన అంటుకున్నట్టు కనిపించినా ఉతుకులో పోతుంది.

లేబుల్ మీద ఏముంది, చొక్కాలో ఏముంది

పాలిస్టర్, కాటన్ కలిపిన బట్టను షాపుల్లో పీసీ అంటారు. 65 శాతం పాలిస్టర్, 35 శాతం కాటన్ ఉన్న చొక్కా తీసుకుందాం. ప్రెస్ నుంచి తీసినప్పుడు రంగు పర్వాలేదనిపిస్తుంది, ఎందుకంటే కాటన్ పోగుల మీద కూడా డై కూర్చుని ఉంది. మొదటి రెండు మూడు ఉతుకుల్లో ఆ భాగం కొట్టుకుపోతుంది. మిగిలేది పాలిస్టర్ పోగుల్లోకి వెళ్లిన రంగే, దాని మధ్యమధ్యలో తెల్లటి కాటన్ పోగులు. దూరం నుంచి చూస్తే ఎండకు వెలిసిన బట్టలా ఉంటుంది. కొందరు ఆ పాతబడ్డ రూపాన్నే కోరి చేయించుకుంటారు, అది వేరే సంగతి. పాప ముఖం ఫొటోకు మాత్రం అది పనికిరాదు.

పూర్ణామార్కెట్ లాంటి చోట కట్టగా కొన్న పిల్లల చొక్కాలకు లేబుల్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి కాలిస్తే చాలావరకు తెలిసిపోతుంది. కాటన్ కాగితంలా కాలి బూడిద అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. రెండూ కలిస్తే కొంత బూడిద, కొంత పూస. లైక్రా కలిసిన సాగే బట్ట అయితే ఇంకో జాగ్రత్త కావాలి. ఎక్కువ వేడికి దాని సాగే గుణం దెబ్బతింటుంది కాబట్టి 185 డిగ్రీల చుట్టుపక్కల పని ముగించేవాళ్లు ఎక్కువ.

వాడేసిన కాగితం చెప్పే సాక్ష్యం

ప్రెస్ అయిపోగానే కాగితాన్ని చెత్తబుట్టలో పడేస్తాం. నా దృష్టిలో ఈ పని మొత్తంలో అతి విలువైన సమాచారం ఆ కాగితం మీదే ఉంటుంది.

మంచి ప్రింటు తర్వాత కాగితం మీద బొమ్మ లేతగా, అన్నిచోట్లా ఒకే తీరుగా మిగులుతుంది. ఎక్కడైనా ముదురు మచ్చ మిగిలితే అక్కడ డై కాగితాన్ని వదల్లేదని అర్థం. వేడి తగ్గిందో, ఒత్తిడి తగ్గిందో, సమయం చాలలేదో. అదే కాగితం అంతటా లేతగా ఉండి చొక్కా మాత్రం పాలిపోయి ఉంటే, డై బయల్దేరింది గానీ చేరాల్సిన చోటికి చేరలేదు. బట్టలో కాటన్ ఎక్కువైనా అంతే, పలచటి బట్ట గుండా రంగు వెనక్కి దిగిపోయినా అంతే. ఇక కాగితం మీద సన్నని తెల్లగీతలు ప్రెస్‌కు ముందే ఉంటే అది ప్రింటరు నాజిల్ (ఇంకు చిమ్మే సన్నని రంధ్రం) గొడవ. వేడి ఎంత మార్చినా ఆ గీత పోదు. నాజిల్ చెక్ ప్రింటు తీస్తే ఏ రంగు తెగుతోందో తెలుస్తుంది.

ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రెస్‌కు ముందు కాగితం మీద రంగులు ఎప్పుడూ డల్‌గానే ఉంటాయి, నలుపు బూడిదరంగులో కనిపిస్తుంది. అది లోపం కాదు. వేడి తగిలాకే అసలు రంగు వస్తుంది. ఈ సంగతి తెలియక ప్రింటు డార్క్‌నెస్ పెంచేసి, కాగితం తడిసి ముద్దయ్యేంత ఇంకు వేసేవాళ్లున్నారు. అక్కడినుంచి కొత్త లోపాలు మొదలవుతాయి.

చిన్న చొక్కాలో కుట్టు తప్పించుకోలేం

పెద్దవాళ్ల టీషర్టు ఛాతీ భాగంలో కుట్టు లేని చోటు బోలెడంత. 38 సెంటీమీటర్ల చదరపు ప్లేటు వేసినా సరిపోతుంది. ఏడాది పిల్ల చొక్కా వెడల్పు దాదాపు 26 నుంచి 28 సెంటీమీటర్లు. అంటే చొక్కా మొత్తం ప్లేటు కిందకే వస్తుంది. మెడపట్టీ, భుజం కుట్లు, చంక కుట్లు, కింది మడత, టిచ్ బటన్లు అన్నీ దానితోపాటే.

బట్ట మందం అర మిల్లీమీటరు, అంచులు చుట్టేసే మూడు పొరల ఓవర్‌లాక్ కుట్టు మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు అనుకుందాం. చొక్కా ముందూ వెనకా కలిపి నేలమట్టంగా పరిస్తే మామూలు చోట 1 మిల్లీమీటరు, కుట్టు మీద కుట్టు పడ్డచోట 3 మిల్లీమీటర్లు. పైప్లేటు అల్యూమినియంది, వంగదు. అది ముందు ఎత్తైన చోట ఆనుతుంది. మనం లాగిన హ్యాండిల్ బలమంతా ఆ కుట్ల మీదకే పోతుంది. నడుమ ఉన్న బొమ్మకు అందేది కింది సిలికాన్ ప్యాడ్ నొక్కుకుని ఇచ్చినంత మాత్రమే. అందుకే మెడపట్టీకి ఆనుకుని, సరిగ్గా దాని వంపుతో, అర్ధచంద్రంలా ఒక లేత మరక పడుతుంది. వాడిన కాగితాన్ని పక్కన పెడితే అదే వంపు దాని మీద ముదురుగా కనిపిస్తుంది. ఈ రెండూ కలిశాయంటే అది ఒత్తిడి లోపమే, ఇంకుతో పనిలేదు.

చాలామంది ఇక్కడే హ్యాండిల్ స్క్రూ బిగించి ఒత్తిడి పెంచుతారు. దాంతో కుట్ల చోట మెరుపు తేలుతుంది, మడత అచ్చు బట్ట మీద దిగుతుంది, నడుమ పెద్దగా మారేదేమీ ఉండదు. పనికొచ్చేది ఎత్తును సమం చేయడం. వేడి తట్టుకునే ఫోమ్ లేదా టెఫ్లాన్ దిండు బొమ్మ పడే చోటుకు సరిపడా కోసి, చొక్కా లోపల దూర్చితే బొమ్మ భాగం కుట్ల కంటే పైకి లేస్తుంది. ఇంకో పద్ధతి, చిన్న సైజు అడుగుప్లేటు వాడి చొక్కాను దానికి తొడగడం. అప్పుడు మెడా, భుజాలూ, వెనక పొరా కిందికి వేలాడతాయి.

టిచ్ బటన్ల సంగతి వేరు. ప్లాస్టిక్‌వైతే 200 డిగ్రీలకు మెత్తబడి రూపం చెడతాయి, లోహానివైతే వేడిని పట్టుకుని చుట్టూ ఉన్న బట్టను పసుపెక్కిస్తాయి. రెండు రకాలూ ప్లేటు బయటే ఉండాలి.

కాగితం సైజు విషయంలో ఒక రాజీ తప్పదు. ఏ4 కాగితం 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 పొడవు. అడ్డంగా పెడితే 27 సెంటీమీటర్ల చొక్కా దాటిపోయి కుట్ల మీద ఎక్కుతుంది. కత్తిరించి చిన్నది చేస్తే కాగితం అంచు చొక్కా నడుమ పడి, ఆ అంచు వెంట పెట్టెగీత మిగులుతుంది. అందుకే కొందరు కత్తెర వాడకుండా చేత్తో చింపుతారు. చింపిన అంచు పలచబడుతుంది కాబట్టి గీత తేలిగ్గా కనబడదు. ఫోమ్ వాడి, ఒత్తిడి తగ్గించినా గీత తగ్గుతుంది. నాకైతే ఫోమ్ దారే మెరుగనిపిస్తుంది, ఒకే వస్తువుతో రెండు లోపాలు సర్దుకుంటాయి.

విశాఖ చెమ్మ: నీళ్లు దాక్కునేది కాగితంలో

సముద్రం పక్కనున్న ఊళ్లో గాలిలో తేమ ఏడాదంతా ఎక్కువే. మధ్యాహ్నం కూడా 70 శాతం దగ్గర ఉండటం ఇక్కడ మామూలు. సబ్లిమేషన్ కాగితాలకు 40 నుంచి 60 శాతం తేమ ఉన్న గది మంచిదని సాధారణంగా చెబుతారు. చొక్కాను ముందుగా ఐదు పది సెకన్లు ఒత్తి చెమ్మ తీయాలన్న సలహా అందరికీ తెలుసు. అయినా మరకలు పడుతుంటాయి. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది.

65 శాతం తేమ ఉన్న గాలిలో పాలిస్టర్ పట్టుకునే నీరు దాని బరువులో 0.4 శాతమే. 80 గ్రాముల చిన్న చొక్కాలో అది దాదాపు 0.3 గ్రాములు. ఇప్పుడు కాగితం చూద్దాం. 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు 100 గ్రాములు) ఏ4 షీటు బరువు 6.2 గ్రాములు. కాగితం కూడా కాటన్ లాగే సెల్యులోజ్, తేమగాలిలో తెరిచి ఉంచితే దాని బరువులో 8 శాతం దాకా నీరు పట్టుకుంటుంది. అంటే 0.5 గ్రాములు. ఒక్క కాగితంలో ఉన్న నీరు చొక్కా మొత్తంలో ఉన్నదాని కంటే ఎక్కువ! పైగా చొక్కా లోపల పెట్టే అట్టముక్క, పైన వేసే బటర్ పేపరు కూడా సెల్యులోజే. ఆ అట్ట 30 గ్రాములుంటే దానిలో రెండు గ్రాములకు పైగా నీరుంటుంది.

అర గ్రాము నీరు ఆవిరైతే ముప్పావు లీటరుకు పైగా చోటు కావాలి. మూసిన ప్లేట్ల మధ్య దానికి దారి ఉండదు, పక్కలకు తోసుకుంటూ వెళుతుంది, డై ఆవిరిని కూడా తోసుకెళుతుంది. అక్షరాల అంచులు పాకినట్టు కనిపించడం, రంగు మధ్య నీటిచుక్క పడ్డట్టు లేత మచ్చలు రావడం దీనివల్లే. వట్టి చొక్కాను ఒత్తి వదిలేస్తే సగం పనే అయినట్టు. అట్టనూ, బటర్ పేపరునూ కూడా కాసేపు ప్రెస్ కింద పెట్టి ఆరబెట్టాలి. ప్రింటు తీసిన కాగితం ఆరేదాకా ఆగాలి. మిగిలిన కట్టను సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో మూసి ఉంచాలి. ఏసీ గది ఉన్నవాళ్లకు వానాకాలంలో ఈ బాధ తక్కువగా ఉండటానికి కారణం చల్లదనం కాదు, ఏసీ గాలిలోని తేమను లాగేయడం.

ముందు ఒత్తడంలో ఇంకో లాభం ఉంది. కొన్ని బట్టలు మొదటిసారి వేడి తగలగానే ముడుచుకుంటాయి. బొమ్మ వేస్తున్నప్పుడే అది జరిగితే కాగితం కింద బట్ట కదిలి బొమ్మ మసకబారుతుంది. ముందే ఒకసారి వేడి తగిలితే ఆ ముడుచుకోవడం ముందే అయిపోతుంది.

డిస్ప్లే మీద 200, ప్లేటు మీద ఎంత

మీటరు చూపేది సెన్సరు ఉన్న చోటి వేడిని. ప్లేటు మూలల్లో అంత ఉండాలని లేదు. చవకరకం ప్లేట్లలో నడుముకూ అంచుకూ మధ్య పది డిగ్రీల తేడా ఉండటం వింత కాదు. గన్‌లా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూద్దామంటే, మెరిసే లోహం మీద అది నిజం కన్నా బాగా తక్కువ చూపిస్తుంది. టెఫ్లాన్ పూత ఉన్న ముదురు ప్లేటు మీద కొంత నమ్మొచ్చు. వేడికి రంగు మారే టెంపరేచర్ స్ట్రిప్పులు మూలల్లో పెట్టి చూడటం ఇంకా నయం.

రెండు రకాల పాలిపోవడాన్ని ఇక్కడ విడదీసి చూడాలి. పొద్దున్న మొదటి చొక్కా పాలిపోయి, తర్వాతవి బాగుంటే తప్పు కింది ప్యాడ్‌ది. అది చల్లగా ఉండి వేడిని పీల్చేసుకుంది. ఖాళీ ప్రెస్‌ను కాసేపు మూసి ఉంచి మొదలుపెడితే సరిపోతుంది. మొదటిది బాగుండి, వెంటవెంటనే చేసిన నాలుగోదో ఐదోదో పాలిపోతే తప్పు హీటరుకు అందే కరెంటుది.

1800 వాట్ల ప్రెస్‌కు 230 వోల్టులు అందితే దాదాపు 7.8 ఆంపియర్లు లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ దీనికి చాలదు, 16 ఆంపియర్లది కావాలి. సన్నటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిపితే వైరు వేడెక్కుతుంది, ప్రెస్ దగ్గరికి వచ్చేసరికి వోల్టేజీ తగ్గుతుంది. వేసవి సాయంత్రం వీధంతా ఏసీలు నడిచే వేళకు 230 కాస్తా 200 అయిందనుకుందాం. హీటరు శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 200ను 230తో భాగిస్తే 0.87, దాని వర్గం 0.756. అంటే 1800 వాట్ల హీటరు 1360 వాట్లే ఇస్తుంది. వోల్టేజీ తగ్గింది 13 శాతం, వేడి తగ్గింది 24 శాతం. మీటరు చివరికి 200 చూపిస్తుంది గానీ అక్కడికి చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది. ప్రతి చొక్కా కొంత వేడిని పట్టుకుపోతుంది, ఆ లోటు పూడకముందే తర్వాతది పెడతాం.

నీడ, నీలి చుక్క, వెనక మరక

బొమ్మ పక్కన ఒక మసక నీడ పడటాన్ని ఘోస్టింగ్ అంటారు. టైమర్ మోగాక కూడా కాగితం వేడిగానే ఉంటుంది, డై ఇంకా వస్తూనే ఉంటుంది. ఆ క్షణంలో కాగితం వెంట్రుకవాసి కదిలినా రెండో బొమ్మ పడుతుంది. పైప్లేటు వెనక కీలు మీద లేచే క్లామ్‌షెల్ ప్రెస్‌లో హ్యాండిల్‌ను ఠక్కున వదిలితే గాలి ఊపుకు కాగితం లేచి మళ్లీ కాస్త పక్కన పడుతుంది. నీడ ఏ వైపు పడిందో చూస్తే జాడ తెలుస్తుంది. ఒకే వైపు ఉంటే అది ఎత్తేటప్పుడు జరిగిన కదలిక, హీట్ టేపుతో అంటించి నెమ్మదిగా ఎత్తితే పోతుంది. అన్ని వైపులా సమానంగా పాకి అక్షరాలు లావెక్కితే అది ఎక్కువ సమయమో, చెమ్మో. దానికి టేపు పనిచేయదు.

తెల్లబట్ట మీద అక్కడక్కడ సూదిమొనంత నీలి చుక్కలు కనిపిస్తే అవి చాలావరకు నూగు. కంటికి ఆనని రంగు పోగు ఒకటి చొక్కా మీద ఉంటే దాని రంగు ఆవిరై బట్టలో దిగిపోతుంది. ప్రెస్ పక్కనే నీలి జీన్స్, తువ్వాళ్లు మడతపెట్టే ఇళ్లలో ఇది ఎక్కువ. అంటుకునే రోలరుతో దొర్లించి పెడితే చాలు, కానీ ఒక్కసారి పడ్డ చుక్క ఇక పోదు.

వెనక పొరకు రంగు దిగడానికి లోపల కాగితం పెట్టకపోవడం కారణం. ఎప్పుడో వేసిన బొమ్మ తాలూకు లేతరంగు కొత్త చొక్కా మీద ప్రత్యక్షమైతే ప్రెస్ చేసేటప్పుడు పైన కప్పే టెఫ్లాన్ షీటును అనుమానించాలి. దాని మీద నిలిచిన డై మళ్లీ ఆవిరవుతుంది. షీటు తుడిచి వాడుకుంటే ఖర్చు కలిసొస్తుందన్నది ఒక వాదన. ప్రతిసారీ కొత్త బటర్ పేపరు వేసి పారేస్తే తెల్ల చొక్కాలు పాడుకావన్నది ఇంకో వాదన. పిల్లల తెల్ల బట్టల విషయంలో నేను రెండోదానివైపే, పాడైన ఒక్క చొక్కా ఖర్చుకు బోలెడు కాగితాలొస్తాయి.

నలుపు గోధుమగా, పాప బుగ్గ ఎర్రగా

నలుపు ఇంకు అంటే ఒకే డై అనుకుంటాం. సాధారణంగా అది రెండు మూడు డైల మిశ్రమం. వాటిలో ఒక్కొక్కటి ఒక్కో వేగంతో ఆవిరవుతుంది. వేడీ సమయమూ తగ్గితే కొన్నే బట్టలోకి వెళతాయి, మరీ ఎక్కువైతే కొన్ని బట్టను దాటిపోతాయి. రెండు విధాలా నలుపులో ఏదో ఒక రంగు పైకి తేలుతుంది. ఎక్కువసేపు కాల్చినప్పుడు గోధుమఛాయ రావడం తరచూ చూస్తుంటాం.

ఫొటోలో చర్మం రంగు తేడా రావడానికి మాత్రం ఎక్కువగా ప్రొఫైల్ కారణం. ఫోను తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటరు నాలుగు ఇంకులతో దాన్ని అనువదించాలి. ఆ అనువాదానికి పట్టికే ఐసీసీ ప్రొఫైల్. మామూలు ఇంక్‌ట్యాంక్ ప్రింటరులో సబ్లిమేషన్ ఇంకు పోసినప్పుడు ప్రింటరు మాత్రం ఇంకా తన పాత ఇంకే ఉందనుకుని లెక్క వేస్తుంది. ఇంకు అమ్మినవాళ్లు ఇచ్చిన ప్రొఫైల్ వేసుకుంటే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. ప్రొఫైల్ వేసి, ఫొటోషాప్‌లోనూ ప్రింటరు డ్రైవరులోనూ రెండుచోట్లా కలర్ కరెక్షన్ పెడితే మాత్రం రెండుసార్లు దిద్దినట్టవుతుంది, బుగ్గలు మళ్లీ ఎర్రబడతాయి.

ఎక్కువ వేడి కొంచెం సేపా, తక్కువ వేడి ఎక్కువ సేపా

ఈ విషయంలో పని తెలిసినవాళ్ల మధ్యే రెండు మాటలున్నాయి. 200 డిగ్రీలు, 45-60 సెకన్లు అన్నది ఒక వర్గం లెక్క. రంగు నిండుగా వస్తుంది, అంచులు స్ఫుటంగా ఉంటాయి. కానీ ఆటల జెర్సీల్లో వాడే పలచటి డ్రైఫిట్ బట్ట మెరుపెక్కుతుంది, తెలుపు కాస్త పసుపుబారవచ్చు. 185 డిగ్రీలు, 75-90 సెకన్లు అన్నది ఇంకో వర్గం మాట. బట్ట, కుట్లు, లైక్రా భద్రం. బదులుగా ఆవిరి ఎక్కువసేపు తిరుగుతుంది కాబట్టి చిన్న అక్షరాలు లావెక్కే ప్రమాదముంది.

నిండు రంగుల కార్టూన్ బొమ్మకు, దృఢమైన పాలిస్టర్‌కు మొదటిది నప్పుతుంది. సాగే రాంపర్‌కు (పైనా కిందా ఒకటిగా ఉండే పసిపిల్లల డ్రెస్సు) రెండోదే మంచిది. ఏది తీసుకున్నా ఇంకూ కాగితమూ అమ్మినవాళ్లు ఇచ్చిన అంకెలతో మొదలుపెట్టి, ఒకసారికి ఒక్క అంశమే మార్చితేనే ఫలితం అర్థమవుతుంది. వేడి, సమయం, ఒత్తిడి మూడూ ఒకేసారి మార్చి బాగొచ్చినా దేనివల్ల బాగొచ్చిందో చెప్పలేం.

ఒక రాంపర్, మూడు లోపాలు

గాజువాకలో ఒకరికి 6-9 నెలల రాంపర్లు పన్నెండు ఆర్డరొచ్చాయనుకుందాం. సాగే తెల్లబట్ట, ఛాతీ మీద ఏనుగు బొమ్మ, కింద పాప పేరు. మొదటి పీసులో ఏనుగు బాగా వచ్చింది. పేరులో చివరి రెండు అక్షరాలు పాలిపోయాయి. పేరంతటికీ కింది వైపు సన్నని నీడ పడింది. భుజం దగ్గర నాలుగు నీలి చుక్కలున్నాయి.

వాడిన కాగితంలో ఆ రెండు అక్షరాలే ముదురుగా మిగిలాయి. అంటే డై అక్కడ కదల్లేదు. ఏనుగు బాగానే వచ్చింది కాబట్టి ఇంకూ, బట్టా, మొత్తం వేడీ సరిగ్గానే ఉన్నాయి. చొక్కా తిరగేసి చూస్తే ఆ అక్షరాల పక్కనే కాళ్ల సందున ఉండే టిచ్ బటన్ల పట్టీ ప్లేటు మీదకు ఎక్కి ఉంది. ప్లేటును అదే ఎత్తి పట్టింది. నీడ ఒకే వైపు ఉంది కాబట్టి అది చెమ్మ కాదు, ఎత్తేటప్పుడు కదలిక. చుక్కలు నూగు.

ఇప్పుడు రెండో పీసుకు వేడి అంకె ముట్టుకోనక్కర్లేదు. పట్టీని ప్లేటు బయటికి వేలాడదీసి, పేరును కాస్త పైకి జరిపి, లోపల ఫోమ్ పెట్టి, కాగితానికి రెండు చోట్ల టేపు వేసి, రోలరు దొర్లించాలి. వేడి పెంచి ఉంటే ఏనుగు కూడా పాడయ్యేది. మొదటి పీసును మళ్లీ కాగితం పెట్టి సరిచేద్దామన్న ఆశ మాత్రం వదులుకోవాలి. అదే చోట సరిగ్గా కూర్చోదు, పైగా మొదటి రంగు మళ్లీ వేడెక్కి పాకుతుంది.

పసిపిల్లలకు పాలిస్టరా అన్న ప్రశ్న

ఇది సాంకేతిక ప్రశ్న కాదనిపించినా ఆర్డరు తీసుకునేటప్పుడు మొదట వచ్చేది ఇదే. విశాఖ ఉక్కపోతలో చెమట పీల్చని బట్ట పిల్లకు వేయడం ఇష్టంలేని తల్లులు చాలామంది. వాళ్ల మాటలో బలం ఉంది, 0.4 శాతం నీరు పట్టుకునే పోగు చెమటను పీల్చలేదు. డిస్పర్స్ బ్లూ 106, 124 లాంటి కొన్ని డైలు చర్మానికి అలర్జీ కలిగిస్తాయని వైద్యులకు తెలిసిన విషయమే. బట్టల్లో హానికర రసాయనాలను పరీక్షించి ఇచ్చే ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ధ్రువీకరణలో మూడేళ్ల లోపు పిల్లల వస్తువులను ఒకటో తరగతిగా పెట్టి అన్నిటికన్నా కఠినమైన పరిమితులు విధించింది ఇలాంటి కారణాలతోనే. ఇంకు కొనేటప్పుడు అలాంటి ధ్రువపత్రం అడగడం అత్యాశేమీ కాదు.

అవతలి మాటలోనూ న్యాయముంది. సబ్లిమేషన్ బొమ్మ బట్ట మీద పొరలా ఉండదు, గాలి ఆడుతుంది, పగలదు. పుట్టినరోజు పూట రెండు గంటలు వేసుకునే చొక్కాకు లోపల కాటన్ బనియను వేస్తే సరిపోతుందంటారు. కాటనే కావాలంటే డీటీఎఫ్ (బొమ్మను ఫిల్మ్ మీద ప్రింటు తీసి వేడితో బట్టకు అంటించే పద్ధతి) ఉంది, ముదురు రంగుల మీదా పడుతుంది. కానీ దాని బొమ్మ పలచటి ప్లాస్టిక్ పొర, ఛాతీ అంతా పరిస్తే ఆ మేర గాలి ఆడదు. నా మట్టుకు పెద్ద ఫొటోకు పాలిస్టర్ మీద సబ్లిమేషన్, రోజూ తొడిగే కాటన్ మీద అరచేయంత డీటీఎఫ్ బొమ్మ సబబుగా అనిపిస్తాయి. కాటన్ మీద పూత స్ప్రే చేసి సబ్లిమేషన్ వేసే పద్ధతీ ఉంది, బట్ట గట్టిపడుతుంది, ఉతుకులకు నిలవడం తక్కువ. పసిపిల్లల బట్టకు దాన్ని నేను సూచించను.

ఇంటికెళ్లాక ఇస్త్రీ దగ్గర వచ్చే ఫిర్యాదు

కొన్ని వారాల తర్వాత బొమ్మ మసకబారిందని, పక్కన మడతపెట్టిన చొక్కాకు రంగంటిందని కొందరు తిరిగి వస్తారు. ఇందులో ప్రింటు తప్పు ఉండకపోవచ్చు. కరెంటు ఇస్త్రీపెట్టెలో కాటన్ సెట్టింగ్ దాదాపు 200 డిగ్రీలు, అంటే ప్రెస్ వేడే. ఆ వేడికి పోగు గొలుసులు మళ్లీ వదులవుతాయి, రంగు మళ్లీ ఆవిరై ఎదురుగా ఉన్న పాలిస్టర్‌ను పట్టుకుంటుంది. వీధి చివరి ఇస్త్రీ బండి మీది బొగ్గుల పెట్టెకు వేడి అదుపే ఉండదు. అందుకే చొక్కాతో పాటు ఒక చీటీ ఇచ్చే షాపులు దాని మీద మూడు విషయాలు రాస్తాయి: బట్టలో పాలిస్టర్ శాతం ఎంతో, తొడిగే ముందు ఒకసారి ఉతకమని, ఇస్త్రీ చేస్తే తిరగేసి తక్కువ వేడి మీద చేయమని.